పాదయాత్రకు ఏ పడక కట్టుకోవాలి?

జ్యేష్ఠం సగానికి వచ్చేసరికి సోలాపూర్ తూర్పు పేటల్లోని తెలుగు ఇళ్లలో పండరిపురం ప్రయాణపు మాటలు మొదలవుతాయి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ దిండీతో, అంటే భజన చేస్తూ కలిసి నడిచే ఏ బృందంతో నడుస్తున్నారు, మగ్గం ఎన్నాళ్లు ఆపాలి అనే లెక్కలన్నీ తేలిన తరువాత చివరికి మిగిలేది పడక మూట. చద్దర్లు నేసే ఊరు కనుక ఇక్కడ ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: అల్మారాలోంచి మంచి చద్దరు ఒకటి తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కనుక చద్దరు మీద నాకున్న గౌరవం కొంచెం కూడా తగ్గలేదు. అయినా దూరపు నడకలో రాత్రి నిద్రను కాపాడేది పైన కప్పుకునే బట్ట కాదని, కింద పరుచుకునే వస్తువని అనుభవం మీద తెలుసుకున్నాను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయాన్ని విడమరిచి చెప్పడానికే.

ముందుగా ఏ నడకకు పడక కడుతున్నామో తేల్చుకోవాలి. సోలాపూర్ తెలుగువాళ్లు కాలినడకన వెళ్లే క్షేత్రాలలో మూడు ముఖ్యమైనవి. కోజాగరి (ఆశ్వయుజ) పౌర్ణమికి తుళ్జాపూర్ భవానీ దర్శనానికి నడిచే దారి సుమారు 45 కిలోమీటర్లు; చాలామంది రాత్రంతా నడుస్తూనే ఉంటారు కనుక దానికి పడక అవసరమే లేదు, కూర్చోవడానికి ఒక తువ్వాలు చాలు. రెండవది ఆషాఢ ఏకాదశికి పండరిపురం. ఇక్కడి నుంచి నేరుగా వెళ్తే 70 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పుణె దగ్గరి ఆళందికి వెళ్లి జ్ఞానేశ్వర మహారాజ్ పల్లకీతో కలిసి నడిస్తే సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాలు పడుతుంది. మూడవది ఉగాదికి శ్రీశైలం. సోలాపూర్ ఆరాధ్యుడైన సిద్ధరామేశ్వరుడికి మల్లన్నతో ఉన్న అనుబంధం వల్ల ఈ ఊరి వాళ్లకు ఆ నడక మీద ప్రత్యేకమైన మమకారం ఉంది. పండరి నడక వానలో, నల్లరేగడి నేల మీద, సామాన్లు మోసే లారీ తోడుగా సాగుతుంది. శ్రీశైలం నడక ఎండలో, చివరి రోజుల్లో నల్లమల అడవిలో, బరువంతా తన భుజం మీదే వేసుకుని సాగుతుంది. ఈ రెండింటికీ ఒకే మూట కట్టుకున్నవాళ్లు ఏదో ఒకచోట ఇబ్బంది పడక తప్పదు.

ఆషాఢంలో ఈ దారి మీద రాత్రి వేళ గాలి 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంట్లో అయితే ఆ వాతావరణంలో పంకా వేసుకుని పడుకుంటాం. మరి అదే మనిషికి మకాంలో తెల్లవారుజామున మూడింటికి పళ్లు ఎందుకు వణుకుతాయి? ఒంటి చర్మం సుమారు 33 డిగ్రీల వేడితో ఉంటుంది, దాని కింద తడిసిన నేల అంతకన్నా పది డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య నిలిచిన గాలి పొర ఉంటే వేడి నెమ్మదిగా జారుతుంది. నీరు ఉంటే త్వరగా జారిపోతుంది, ఎందుకంటే నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. బట్టలో వెచ్చదనం అంటే అసలు ఆ పోగుల మధ్య చిక్కుకున్న గాలే. మనం పైన కప్పుకున్న బట్టలో ఆ గాలి నిలుస్తుంది. కింద పరుచుకున్న బట్టలోని గాలి మన బరువుకు నలిగి బయటకు పోతుంది. నాలుగు మడతలు వేసిన చద్దరు కూడా భుజం కింద, తుంటి కింద అట్టలా అణిగిపోతుంది. పైగా నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది. అందుకే రెండు చద్దర్లు తెచ్చుకున్నవాళ్లు ఒకటి కింద వేసుకుని ఒకటి పైన కప్పుకుని కూడా చలికి లేచి కూర్చుంటారు, పక్కనే ఫోమ్ చాప మీద పాత చీర కప్పుకుని పడుకున్న ముసలమ్మ మాత్రం తెల్లవారుజామున ఇచ్చే కాకడ హారతి దాకా కదలదు.

మా నాయనమ్మ ఈ శాస్త్రం ఏదీ చదువుకోలేదు. ఆమె మూట కట్టేటప్పుడు ఎవరైనా చద్దరు అందిస్తే, "బిడ్డా, మీదికి నా కొంగు సాలు, కిందికి ఏమన్న ఉన్నదా సూడు" అనేది. ఆమె కాలంలో కిందికి దొరికేది తుంగచాప, దాని మీద పాత చీరలు కలిపి కుట్టిన బొంత. ఆ తుంగచాపలో గొప్ప గుణం ఒకటి ఉంది: గడ్డి కాడలు గొట్టాల లాంటివి కనుక మనిషి బరువుకు పూర్తిగా నలిగిపోవు, లోపల గాలి నిలుస్తుంది. అయితే నాలుగు రోజులు వానలో నానితే బూజు పడుతుంది, చుట్టినా చేతికంటే పొడవుగా ఉండి లారీలో ఇరుక్కుని విరుగుతుంది. జంపఖానా బలమైనదే కాని అది అచ్చంగా నూలు. తడిస్తే పిండడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఇప్పుడు వీటి స్థానంలో వాడదగిన వస్తువు మూతపడిన బుడగలున్న ఫోమ్ చాప. యోగాకు వాడేవాటిలో కొన్ని, కొండలెక్కేవాళ్లు సంచికి బయట కట్టుకునేవి ఈ జాతివే. దీనిలో ప్రతి బుడగా విడివిడిగా మూసి ఉంటుంది కనుక నీరు లోపలికి పోదు, మనిషి బరువుకు గాలి బయటకు పోదు. బజారులో స్పాంజి కూడా ఫోమ్ పేరుతోనే అమ్ముతారు, ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. తేడా తెలియాలంటే మూల ఒకటి నీళ్లలో ముంచి వేళ్లతో నొక్కి వదలాలి. నీరు పీల్చి బరువెక్కితే అది స్పాంజి, తుడిస్తే పొడిగా అయితే అది మనకు కావలసింది. టీవీ పెట్టెల్లో చుట్టి వచ్చే తెల్లటి పలుచని ఫోమ్ కూడా నీరు పీల్చదు, ధర కూడా తక్కువే. కాని అది మూడు నాలుగు రాత్రులకే తుంటి దగ్గర అణిగిపోయి మళ్లీ లేవదు, కనుక మూడు రోజుల నడకకు పనికొస్తుంది, మూడు వారాల నడకకు పనికిరాదు. మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే మధ్యవయసువాళ్లకు సరిపోతుంది. తేలిక రకం బరువు సుమారు అర కిలో ఉంటుంది. భుజం మీద మోయవలసినవాళ్లు మనిషి పొడవంతా తీసుకోనక్కర్లేదు. తల నుంచి తుంటి కింది వరకు, అంటే 120 సెంటీమీటర్ల దాకా కత్తిరించుకుని, కాళ్ల కింద ఖాళీ సంచి వేసుకుంటే చాలు.

ఫోమ్ చాప కిందకు ఒక ప్లాస్టిక్ పట్టా కావాలి. నల్లరేగడి నేల తడిస్తే నీరు త్వరగా ఇంకదు, అడుగు వేస్తే బంకలా అంటుకుంటుంది, దాని మీద ఏది పరిచినా బురద పట్టుకుని మరుసటి రోజు మూటలో మిగిలిన బట్టలన్నిటికీ అంటుతుంది. పట్టాను ఎంత పెద్దది వేస్తే అంత మంచిదని అనుకుంటారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. చాప అంచు దాటి పట్టా బయటకు చాచి ఉంటే, డేరా మీద నుంచి జారిన వాన నీరు దాని మీద పడి నేరుగా మన వీపు కిందకు పారుతుంది. పట్టా అంచులను అన్ని వైపులా చాప కిందికి నాలుగు వేళ్లు లోపలికి మడిచి దూర్చాలి. ఈ చిన్న పనిని మరచిపోయి నేను సాస్వడ్ మకాంలో ఒక రాత్రంతా కూర్చుని గడిపాను.

ఇక పైన కప్పుకునే వాటి సంగతి. ఒకసారి మా ఇంట్లో నూలు తూచే కాటా మీద ఒంటిమంచపు చద్దరు పెట్టి తూచాను. 1 కిలో 300 గ్రాములు వచ్చింది. దాన్ని నీళ్లలో నానబెట్టి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండి, నీరు కారడం ఆగిన తరువాత మళ్లీ కాటా మీద పెడితే 2 కిలోల 800 గ్రాములు దాటింది. మా పెరట్లో మబ్బు పట్టిన ఆ రోజు ఉదయం ఆరేసిన చద్దరు సాయంత్రానికి కూడా అంచుల దగ్గర చల్లగానే తగిలింది. వారీలో, అంటే పండరి పాదయాత్రలో, బట్టలు ఆరేయడానికి దొరికే సమయం మకాంకు చేరిన తరువాత ఉండే రెండు మూడు గంటలే. రెండు వైపులా బొమ్మ తేలేలా జకార్డు మీద దట్టంగా నేసిన చద్దరు ఎన్నేళ్లయినా చిరగదు, ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది, చలికాలంలో ఇంట్లో దానికి మించినది లేదు. ఆ దట్టమైన నేతే వానలో నడిచేవాడికి భారమవుతుంది. ఇది నేతలో లోపం కాదు. ఆ వస్తువు ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి, మనం అప్పగిస్తున్న పనికి మధ్య ఉన్న తేడా.

పోగుల స్వభావం చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. ప్రామాణికంగా కొలిచే గాలి తేమలో పత్తి తన పొడి బరువులో సుమారు 8.5 శాతం, ఉన్ని సుమారు 16 శాతం తేమను పట్టి ఉంచుతాయి. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఈ లెక్క చూసి ఉన్నే అన్నిటికన్నా తడి వస్తువని అనుకోకూడదు. ఉన్ని ఆ తేమను పోగు లోపలికి తీసుకుంటుంది, పైభాగం పొడిగానే తగులుతుంది, వంకీలు తిరిగిన పోగులు తడిసినా ఒకదానికొకటి అతుక్కోవు కనుక మధ్యలో గాలి మిగులుతుంది. పత్తి పోగులు తడిస్తే అణిగి అతుక్కుపోతాయి, గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. ధన్‌గర్లూ మన కురుమలూ దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి వాన కాలంలో పశువుల వెంట తిరిగేవాళ్ల భుజం మీద శతాబ్దాలుగా నిలవడానికి కారణం ఇదే. చింతగింజల గంజి పట్టించిన కొత్త గొంగడి బిరుసుగా ఉండి చినుకును కాసేపు పైనే ఆపుతుంది కూడా. అయితే గొంగడి బరువు, అందులోనూ పూర్తిగా నానితే ఆరడానికి రోజులు పడుతుంది. లారీలో సామాను వేసే దిండీలో, పైన గట్టి డేరా ఉన్నప్పుడు పెద్దవాళ్లకు అది మంచి పడక. భుజం మీద మోసేవాళ్లకు నేను చెప్పను.

అర కిలో బరువున్న పాలిస్టర్ ఫ్లీస్ దుప్పటి మగ్గాల పేటలో పుట్టినవాళ్లకు మనసుకు ఎక్కదు, నాకూ మొదట ఎక్కలేదు. కాని తడిస్తే నాలుగుసార్లు గట్టిగా దులిపితే సగం నీరు పోతుంది, డేరా తాడు మీద రెండు గంటల్లో కప్పుకోదగినంత ఆరుతుంది. దానితో జాగ్రత్త ఒక్కటే, వంటచేసే పొయ్యి దగ్గరకు తీసుకుపోకూడదు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఫ్లీస్ నేరుగా చర్మానికి తగిలితే చెమట పోసేవాళ్లు లోపల ఒక పాత నూలు చీర కప్పుకోవచ్చు. ఉతికి ఉతికి పలచబడిన నూలు చీర ఒక్కటి మూటలో ఉంటే దుప్పటిగా, బట్టలు మార్చుకునేటప్పుడు తెరగా, మధ్యాహ్నం చెట్టు కింద పరుచుకునే బట్టగా, తడిసిన తల తుడుచుకునే గుడ్డగా పనికొస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ గురించి పిల్లలు అడుగుతారు. 22 డిగ్రీల రాత్రికి అది ఉక్క, పక్కపక్కనే ముప్పై మంది పడుకున్న డేరాలో రాత్రి లేచి బయటకు వెళ్లవలసినప్పుడు దాన్నుంచి బయటపడటం ఇబ్బంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే జిప్పు పూర్తిగా విప్పి బొంతలా కప్పుకోవచ్చు, దాని కోసం కొత్తగా డబ్బు పెట్టనక్కర్లేదు.

వార్కరీలు నడకలో తల మీదుగా వేసుకునే ప్లాస్టిక్ కాగితాన్ని రాత్రి కూడా కప్పుకుని పడుకునేవాళ్లున్నారు. మొదటి వారీలో నేనూ అలాగే నిండా చుట్టుకుని పడుకున్నాను. ఆ రాత్రి చినుకు కూడా పడలేదు, తెల్లవారి లేచేసరికి లోపలి చీర తడిసి ఉంది, ప్లాస్టిక్ లోపలి వైపున చుక్కలు చుక్కలుగా నీరు పట్టి ఉంది. ఒంటి నుంచి రాత్రంతా వచ్చే ఆవిరికి దారి లేక చల్లని ప్లాస్టిక్‌ను తాకి నీరవుతుంది. ప్లాస్టిక్ కిందికి వేసుకోవలసిన వస్తువు, లేదా మనకు జానెడు ఎత్తున తాడు మీద వేలాడవలసిన వస్తువు; ఒంటికి చుట్టుకోకూడదు.

పడక మూటలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వని వస్తువు దోమతెర. దోమల మాట ఎలా ఉన్నా, వానాకాలపు రాత్రుల్లో పొలాల పక్కన నేల మీద పడుకునేవాళ్లకు కట్లపాము వల్ల ప్రమాదం ఉంది. మరాఠీలో దాన్ని మణ్యార్ అంటారు. అది రాత్రి తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు కనుక చాలామందికి కరిచిన సంగతే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టం కావడం కనిపిస్తే అరుగుదల లేదని అనుకోకుండా వెంటనే పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. దోమతెరను నాలుగు వైపులా చాప కిందికి పూర్తిగా దూర్చి పడుకుంటే పాముకు గాని తేలుకు గాని పడకలోకి దారి ఉండదు. ఊరికే పైన వేలాడదీసి అంచులు నేల మీద వదిలేస్తే ఆ రక్షణ లేదు. ఒంటరి మనిషి తెర 300 గ్రాములకు మించదు. చాప వెడల్పు కన్నా తెర వెడల్పు కాస్త ఎక్కువ ఉండేలా, దూర్చడానికి మిగిలేలా చూసి కొనాలి.

వీటిలో ఎన్ని తీసుకోవచ్చన్నది మూటను ఎవరు మోస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దిండీలో లారీ ముందుగా మకాంకు చేరుతుంది కనుక ఫోమ్ చాప, పట్టా, తెర, ఫ్లీస్ లేదా గొంగడి, ఒక చీర అన్నీ పెట్టుకోవచ్చు. ఇంటి నుంచి చద్దరు లేకుండా కదలలేనివాళ్లు పలుచని చద్దరు కూడా పెట్టుకోవచ్చు, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కడితే చాలు. అయితే ఘాట్ దారిలో గాని, బురదలో గాని లారీ చిక్కుకున్న రాత్రులు ఉంటాయి. అందుకని భుజం సంచిలో ఒక చీర, ఒక ప్లాస్టిక్ కాగితం ఎప్పుడూ వెంట ఉండాలి. వాటితో ఏ బడి వరండాలోనైనా ఒక రాత్రి గడిచిపోతుంది.

శ్రీశైలం నడకకు లెక్క వేరు. దూరం నడిచేవాళ్లు మోసే బరువు తమ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని సాధారణంగా చెబుతారు. 60 కిలోల మనిషికి మొత్తం 6 కిలోలు. నాగలూటి దాటి పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచే రోజుల్లో నీళ్లే 3 కిలోలు ఉంటాయి. బట్టలు, మందులు, తినడానికి కొంచెం అటుకులో పేలాలో తీసేస్తే పడకకు మిగిలేది కిలో, కిలోంబావు. కత్తిరించిన ఫోమ్ చాప 350 గ్రాములు, నూలు చీర 400, దోమతెర 300. అంతటితో అది నిండిపోతుంది. ఆ నెలలో రాత్రి చలి ఉండదు కనుక ఫ్లీస్ అక్కర్లేదు. ఫోమ్ చాప అవసరమా అని అడిగితే, అక్కడ కూడా అవసరమే. ఫాల్గుణ చైత్రాల ఎండకు కాగిన మండపపు రాతి బండలు చీకటి పడ్డాక కూడా చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటాయి. ఒంటి నుంచి కిందికి పోయే వేడిని ఆపిన పొరే కిందనుంచి వచ్చే వేడినీ ఆపుతుంది. తెల్లవారి చాపను చుట్టేముందు రెండు వైపులా దులపాలి, చెప్పుల్లో చూసుకోవాలి.

అరవై దాటినవాళ్లకు ఈ లెక్కల్లో రెండు సవరణలు చేస్తాను. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు తుంటి ఎముక నేలకు ఒత్తుకుంటుంది, కనుక వాళ్లకు రెండు పొరల ఫోమ్ కావాలి, లేకపోతే మూడో రోజుకు నడకే ఆగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేల మీద నుంచి లేవడమే పెద్ద పని. వాళ్ల పడకను డేరా మధ్యలో కాకుండా కర్రకు దగ్గరగా, పట్టుకుని లేవడానికి వీలుగా వేయాలి. తలకింద దిండు ఎవరికీ వద్దు. మరుసటి రోజు కట్టుకునే బట్టలను మన ఊరి తువ్వాలులో చుడితే మంచి దిండవుతుంది. ఒకరి దుప్పటి ఒకరు కప్పుకోవడం ప్రేమతో చేసే పనే అయినా, అంతమంది కలిసి పడుకునే చోట గజ్జి అలాగే వ్యాపిస్తుంది. ఇంటికి రాగానే పడక బట్టలన్నిటినీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి, ఉతకలేని వాటిని సంచిలో మూతికట్టి వారం పాటు పక్కన పెట్టాలి.

బయలుదేరడానికి పది రోజుల ముందు ఈ పడకంతా ఒక రాత్రి మేడ మీద వేసుకుని పడుకుని చూడాలి, వాన వస్తే మరీ మంచిది. ఏది తక్కువైందో, ఏది ఊరికే బరువో ఆ రాత్రే తెలుస్తుంది. మూట కట్టేటప్పుడు మకాంలో ముందుగా కావలసింది పైకి రావాలి: అన్నిటికన్నా అడుగున చీర, దాని మీద దుప్పటి, తెర, ఫోమ్ చాప, అన్నిటికీ బయట పట్టా. చివరగా మూట మీద పేరు రాయాలి. చీకట్లో లారీ మీద నుంచి వందల మూటలు కిందికి దించుతారు, అన్నీ ఒకే రంగు పట్టాల్లో, ఒకే రకం తాళ్లతో ఉంటాయి. మా ఇంట్లో ఎర్ర పెయింటుతో తెలుగులో ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటి పెద్దగా రాస్తాం. లారీ దగ్గర నిలబడే మరాఠీ కుర్రవాళ్లకు ఆ అక్షరం చదవడం రాదు, కాని ఆ గుండ్రని రాత కనబడగానే ఎవరి మూటో వాళ్లకు తెలిసిపోతుంది, దాన్ని తెలుగువాళ్ల డేరా వైపు అందిస్తారు.